ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ మార్చబోతున్నాను: విప్పే ముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

కొండదారి (ఆదివారం, రాత్రి 9:10)

నా పికప్ 1998 మోడల్. 5.7 లీటర్ల వి8 పెట్రోల్ ఇంజన్. బ్లాకు, హెడ్లు ఇనుమువి, పైన సిలిండర్లకు గాలి పంచే అల్యూమినియం మానిఫోల్డ్. దానికీ హెడ్లకూ మధ్య ఉండేదే ఈ గ్యాస్కెట్. రెండు నెలలుగా కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతోంది. నేల మీద చుక్క కూడా కనిపించదు. నిన్న రాత్రి చేతిదీపం పెట్టి వెతికితే, మానిఫోల్డ్ ముందు మూలన, హెడ్‌ను ఆనుకున్న చోట, ఆరిపోయిన నారింజరంగు పొడి పేరుకుని ఉంది. గోటితో గీరితే రేకులుగా ఊడింది. ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు నిమిషంపాటు తడబడి, వేడెక్కాక సర్దుకుంటోంది.

బ్రేకులు, నీటి పంపు, రేడియేటర్ ఇంతకుముందు నేనే మార్చుకున్నాను. ఇంజన్ పైభాగం మాత్రం ఎప్పుడూ విప్పలేదు. వచ్చే శని, ఆదివారాలు ఖాళీగా ఉన్నాను. గ్యాస్కెట్ సెట్టు, థర్మోస్టాట్, కూలెంట్, ఆయిల్, ఫిల్టర్ తెచ్చిపెట్టుకున్నాను. అంతా విప్పేశాక ఏదో లేదని ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. ఈ పని చేసినవారు దయచేసి చెప్పండి.

పాతరెంచి (ఆదివారం, రాత్రి 9:52)

కొండదారి గారూ, సామాన్ల జాబితా తరువాత చూద్దాం. కారుతున్నది ఆ గ్యాస్కెటేనని ముందు తేల్చుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్‌కు ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు మాత్రమే గాలి కొట్టి అరగంట వదిలేయండి. ముల్లు ఎంత దిగింది, తడి ఎక్కడ పుట్టింది చూడండి. తరువాత డిప్‌స్టిక్ తీసి ఆయిల్ రంగు, మట్టం రాసుకోండి. మట్టం పెరిగి ఉంటే ఇంకొక్కసారి కూడా ఇంజన్ తిప్పకండి. కూలెంట్ కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. గ్యాస్కెట్ కోసం మొదలుపెట్టిన పని అప్పుడు ఇంజన్ మొత్తానికి పాకుతుంది.

నూనెచేతులు (ఆదివారం, రాత్రి 10:30)

ఈ గ్యాస్కెట్ ఎందుకు పాడవుతుందో తెలిస్తే ఏ చోట జాగ్రత్తపడాలో మీకే అర్థమవుతుంది. వేడికి అల్యూమినియం ఇనుముకంటే ఇంచుమించు రెండింతలు సాగుతుంది. అరమీటరు పొడవున్న అల్యూమినియం 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.9 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంతే పొడవున్న ఇనుము 0.45 మిల్లీమీటర్లు. అంటే బండి వేడెక్కి చల్లారిన ప్రతిసారీ మానిఫోల్డ్ చివరలు హెడ్ మీద అరమిల్లీమీటరు దాకా జరగాలని చూస్తాయి. మధ్యలో నలిగేది గ్యాస్కెట్. మీ ఇంజన్‌కు కంపెనీ వేసినది ప్లాస్టిక్ పలక మీద సిలికాన్ గీత ఉన్న రకం. ఏళ్లు గడిచేసరికి నీటి దారుల చుట్టూ ఆ ప్లాస్టిక్ మెత్తబడి, సిలికాన్ గీత అణగిపోతుంది. కొనేటప్పుడు పలక లోహంతో చేసినది ఎంచుకుంటే మేలు. మీ సెట్టులో ఏది ఉందో విప్పి చూసుకోండి.

కారడానికి మూడు దారులున్నాయి. బయటికి కారితే మూలల్లో పొడి పేరుకుంటుంది. లోపలికి కారితే మానిఫోల్డ్ కింద, రెండు సిలిండర్ వరుసల మధ్య లిఫ్టర్లు (వాల్వులను తోసే ముక్కలు) ఉండే లోయలో పడి ఆయిల్‌లో కలుస్తుంది. మూడోది గాలి దారి. అక్కడ సందు పడితే కొలవని గాలి లోపలికి చొరబడి, చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ తడబడుతుంది. స్కానర్ ఉంటే పి0171, పి0174 కోడ్లు (పెట్రోల్‌కు మించి గాలి వస్తోందని చెప్పేవి) నిలిచి ఉన్నాయేమో చూడండి. మీ లక్షణాలనుబట్టి మొదటి, మూడో దారులు రెండూ తెరుచుకున్నట్టే అనిపిస్తోంది.

కొండదారి (సోమవారం, రాత్రి 8:15)

టెస్టర్ తెచ్చి చూశాను. మూత మీద 15 అని ఉంది, అక్కడిదాకా కొట్టాను. అరగంటలో 11కి దిగింది. ముందు ఎడమ మూలన సన్నటి చెమటలా తడి పుట్టి, పది నిమిషాలకు ఒక బొట్టు కట్టింది. అది కిందికి జారకుండా బ్లాకు అంచు మీదే నిలిచిపోయింది. నేల మీద చుక్క ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది, వేడి ఇంజన్ మీద అక్కడికక్కడే ఆవిరైపోతోంది. స్కానర్‌లో పి0171 ఉంది.

డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంది, మట్టం పెరగలేదు. కాని ఆయిల్ పోసే మూత అడుగున మీగడలాంటి తెల్లటి పూత ఉంది. అది చూసినప్పటి నుంచి ఆందోళనగా ఉంది.

నిదానం (సోమవారం, రాత్రి 8:48)

మూత కింది మీగడ ఒక్కదాన్ని చూసి నిర్ణయానికి రావద్దు. దగ్గరి దూరాలకే తిరిగే బండిలో, చలికాలంలో గాలిలోని తేమ కూడా అక్కడ అలాగే పేరుకుంటుంది. అనుమానం తీరాలంటే ఆయిల్ నమూనా పరీక్షకు పంపండి. సోడియం, పొటాషియం ఎక్కువగా వస్తే కూలెంట్ కలిసినట్టే. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి, లోయలోకి తొంగిచూస్తే మీకే తెలిసిపోతుంది.

ఒక్క పరీక్ష మాత్రం విప్పకముందే చేయండి. రేడియేటర్ నోటి దగ్గర పెట్టే నీలిరంగు ద్రవం ఉన్న గొట్టం దొరుకుతుంది. కూలెంట్‌లో దహన వాయువు ఉంటే ఆ ద్రవం పసుపురంగుకు మారుతుంది. మారితే హెడ్ గ్యాస్కెట్ కూడా పోయినట్టు. ఆ సంగతి మానిఫోల్డ్ మళ్లీ బిగించాక తెలిస్తే రెండు రోజుల కష్టం వృథా.

కొండదారి (మంగళవారం, రాత్రి 7:30)

ద్రవం నీలంగానే ఉంది. ఇంజన్‌ను పావుగంట వేడిగా నడిపించి మరీ చూశాను. హెడ్ గ్యాస్కెట్ గురించి బెంగ తీరింది. ఇక విప్పే వరుస చెప్పండి.

నిదానం (మంగళవారం, రాత్రి 8:20)

నేను ఇదే ఇంజన్‌కు రెండుసార్లు చేశాను. నాకు సమయం పట్టింది బోల్టుల దగ్గర కాదు, ఏ గొట్టం ఎక్కడిదో గుర్తుపట్టే దగ్గర. కాబట్టి పని ఫోటోలతో మొదలుపెట్టండి. ఒక్కో ప్లగ్గు ఊడదీయకముందు ఒకటి, ఊడదీశాక ఒకటి. కాగితం టేపు మీద అంకె రాసి తీగకు ఒకటి, అది కూర్చునే చోట ఒకటి అంటించండి. అట్టముక్క మీద మానిఫోల్డ్ బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటే గుచ్చండి.

బ్యాటరీ నెగటివ్ తీగ మొదట తీసేయండి. పెట్రోల్ గొట్టాల్లో ఇంజన్ ఆపాక కూడా 60 పౌండ్ల ఒత్తిడి నిలిచి ఉంటుంది. పరీక్ష వాల్వు దగ్గర గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, మెల్లగా వదలండి. చుట్టుపక్కల మంట, నిప్పురవ్వ, వేడి బల్బు ఉండకూడదు. ఏసీ కంప్రెసర్ బ్రాకెట్ పక్కకు జరపాల్సి వస్తుంది. దాని గొట్టాలు మాత్రం విప్పవద్దు. తాడుతో కట్టి పక్కకు నిలపండి.

ఇప్పుడు నన్ను బాగా ఏడిపించిన భాగం. మానిఫోల్డ్ మీద హీటర్ గొట్టం తగిలించే చిన్న లోహపు కొళాయి ఒకటి ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే గట్టిగానే అనిపిస్తుంది. పానా పెట్టి తిప్పగానే లోపలి మర మానిఫోల్డ్‌లోనే ఉండిపోయి, పైభాగం చేతికి వచ్చింది. మిగిలిన ఉంగరాన్ని హాక్సా రేకుతో లోపలి నుంచి రెండు చోట్ల కోసి, సన్నటి ఉలితో లోపలికి మడిచి తీయడానికి ఒక పూట పట్టింది. మానిఫోల్డ్ మర తెగకుండా కోయాలంటే ఊపిరి బిగబట్టుకుని చేయాలి. కొత్త కొళాయి ఇప్పుడే తెచ్చుకోండి. పాతదాన్ని మానిఫోల్డ్ బయటికి తీశాకే విప్పండి, బండిలో ఉండగా దాని జోలికి పోవద్దు. గొట్టాన్ని కోసేయడమే మంచిది, కొత్త గొట్టం ముక్క సిద్ధంగా పెట్టుకోండి. నీటి పంపుకూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉండే పొట్టి బైపాస్ గొట్టం కూడా అదే సమయంలో మార్చేయండి. తరువాత దాన్ని చేరుకోవడం కష్టం.

పచ్చికబయలు (మంగళవారం, రాత్రి 8:41)

ఒక్క మాట చెప్పి వెళ్తాను. దించిన కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలోకి పట్టండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్ది మోతాదుకే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పళ్లెంలో వదిలేసి భోజనానికి వెళ్లకండి.

మూడోగేరు (మంగళవారం, రాత్రి 9:15)

నా పాత బండిలో ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్ ఉండేది. పాత గ్యాస్కెట్ మరకలు డ్రిల్లుకు తగిలించే గరుకు చక్రంతో ఐదు నిమిషాల్లో పోతాయి. బోల్టులు 30 పౌండ్-అడుగులకు బిగించాను. ఎనిమిదేళ్లు చుక్క కారలేదు.

పాతరెంచి (మంగళవారం, రాత్రి 9:58)

మూడోగేరు గారూ, మీ బండికి మీరు చేసింది సరైన బిగింపే. కాని కొండదారి గారి ఇంజన్‌కు ఆ అంకె వాడితే ప్రమాదం. పాత ఇంజన్ల మానిఫోల్డ్‌కు పన్నెండు బోల్టులు, అవి ఏటవాలుగా దిగేవి. 1996లో వచ్చిన హెడ్లతో అది మారింది. ఇప్పుడు ఎనిమిదే బోల్టులు, నిట్టనిలువుగా దిగుతాయి. సర్వీస్ మాన్యువల్ ప్రకారం మూడు విడతలు: మొదట 27 పౌండ్-అంగుళాలు, తరువాత 106 పౌండ్-అంగుళాలు, చివర 11 పౌండ్-అడుగులు. న్యూటన్ మీటర్లలో 3, 12, 15. మొదటి రెండూ అంగుళాల్లో, మూడోది అడుగుల్లో ఉందని మళ్లీ చదవండి. దీనికి 30 వేస్తే గ్యాస్కెట్ నలిగి చీలుతుంది, లేదా మానిఫోల్డ్ చెవి పగులుతుంది.

అందుకే చక్రాలు బిగించే పెద్ద టార్క్ రెంచి ఇక్కడ పనికిరాదు. ఇంత తక్కువ బిగింపుల దగ్గర దాని కొలత నమ్మదగినది కాదు. అంగుళాల్లో కొలిచే చిన్న రెంచి అరువు తెచ్చుకున్నా సరే, లేకుండా మాత్రం మొదలుపెట్టవద్దు. మధ్య బోల్టులతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా చివరలకు వెళ్లాలి. మూడు విడతలూ అదే వరుసలో.

ఇక గరుకు చక్రం. ఆ చక్రం పీచులో అల్యూమినియం ఆక్సైడ్ రేణువులుంటాయి. అవి రాలి లోయలో పడితే ఆయిల్‌తో కలిసి బేరింగులకు చేరతాయి. గుడ్డలు కప్పినా సన్నటి ధూళి ఆగదు. పైగా మెత్తని అల్యూమినియం మీద చక్రం ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే పల్లం పడుతుంది. కంటికి కనిపించదు, కూలెంట్ మాత్రం ఆ పల్లం వెంటే బయటికి వస్తుంది. ప్లాస్టిక్ స్క్రాపర్, గ్యాస్కెట్ కరిగించే ద్రవం, ఓపిక, ఇవి చాలు. ఇనుప హెడ్ మీద మాత్రం బ్లేడును పడుకోబెట్టి గీకవచ్చు.

మూడోగేరు (మంగళవారం, రాత్రి 10:20)

పన్నెండు, ఎనిమిది బోల్టుల తేడా నాకు తెలియదు. నాది 1987 బండి, పన్నెండే ఉండేవి. కొండదారి గారూ, నా అంకెను పట్టించుకోకండి, పాతరెంచి గారు చెప్పిన మూడు అంకెలే రాసుకోండి. చక్రం విషయం కూడా ఒప్పుకుంటున్నాను. ఆ బండి అమ్మేసే ముందు ఆయిల్ ఒత్తిడి తగ్గిపోయింది, కారణం అప్పుడు ఆలోచించలేదు.

కొండదారి (బుధవారం, ఉదయం 6:50)

మూడు అంకెలూ ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గ్యారేజీ గోడకు అంటించాను. చిన్న రెంచి అరువు దొరికింది. నాకు భయంగా ఉన్నది డిస్ట్రిబ్యూటర్, అదే సిలిండర్లకు నిప్పురవ్వ పంచే భాగం. అది తీయకుండా మానిఫోల్డ్ రాదు కదా?

నూనెచేతులు (బుధవారం, రాత్రి 8:05)

రాదు. కాని గుర్తులు పెట్టుకుంటే భయపడేంత పని కాదు. ఒకటో సిలిండర్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రానికి వేలు అడ్డం పెట్టి, ఇంజన్‌ను ముందు బోల్టు పట్టుకుని చేత్తో తిప్పండి. గాలి వేలిని నెట్టడం మొదలైందంటే పిస్టన్ కంప్రెషన్ మీద పైకి వస్తోందన్న మాట. అక్కడి నుంచి మెల్లగా తిప్పి ఇంజన్ ముందున్న పుల్లీ చక్రం మీది గుర్తును సున్నాకు తీసుకురండి. ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, లోపల తిరిగే రోటర్ కొన అడుగు భాగం మీద 8 అని పోత పోసిన గుర్తు వైపు చూస్తుండాలి. చూడకపోతే అక్కడే ఆగి మళ్లీ తిప్పండి.

అది కుదిరాక రోటర్ కొన ఎదుట అడుగు భాగం మీద ఒక గీత, అడుగు భాగానికీ మానిఫోల్డ్‌కూ కలిపి మరో గీత పెట్టండి. తరువాత నిలువుగా పైకి లాగండి. కింది పళ్ల చక్రం ఏటవాలుగా కోసి ఉంటుంది కాబట్టి పైకి వస్తుంటే రోటర్ గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో దాదాపు 42 డిగ్రీలు తిరుగుతుంది. అది ఆగిన చోట మూడో గీత. తిరిగి పెట్టేటప్పుడు రోటర్‌ను ఈ మూడో గీత మీద ఉంచి దించితే, దిగుతూ తిరిగి మొదటి గీతకు చేరుతుంది. ఈ మధ్యలో క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) ఎవరూ తిప్పకూడదు.

దించినప్పుడు చివరి కొద్దిపాటి ఎత్తు మిగిలిపోయి కూర్చోకపోతే, బోల్టు బిగించి లాగవద్దు. కింద ఆయిల్ పంపు కడ్డీ గాడి కలవలేదని అర్థం. బయటికి తీసి, పొడవాటి స్క్రూడ్రైవర్‌తో ఆ గాడిని కొంచెం తిప్పి మళ్లీ ప్రయత్నించండి.

ఇంకొకటి. ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్‌ను అటూ ఇటూ తిప్పితే నిప్పురవ్వ సమయం మారదు, అది కంప్యూటర్ చూసుకుంటుంది. మారేది క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సెన్సర్‌కూ క్రాంకుకూ మధ్య తేడా. అది సున్నాకు రెండు డిగ్రీలు అటూ ఇటూ లోపలే ఉండాలి. దాటితే పి1345 కోడ్ వస్తుంది. చివర్లో ఆ విలువ చూపించే స్కానర్ దగ్గరుంచుకోండి.

పాతరెంచి (గురువారం, రాత్రి 9:00)

శనివారం లోపు మిగిలినవి చెప్పేస్తాను.

రేడియేటర్ ఖాళీ చేసినా హెడ్లలో, మానిఫోల్డ్‌లో కూలెంట్ మిగులుతుంది. ఎత్తగానే అది లోయలోకే పారుతుంది. ఎంత జాగ్రత్తపడినా కొంత పడుతుంది, కాబట్టి కొత్త ఆయిల్ పోయకుండా ఇంజన్ తిప్పకూడదు. కొన్ని గంటలు నడిచాక మరోసారి మార్చండి. పోర్టుల్లో (హెడ్ల గాలి దారుల్లో), లోయలో పెట్టిన గుడ్డలను లెక్కపెట్టి అంకె గోడ మీద రాయండి. బోల్టు రంధ్రాల్లో నీరు నిలిచి ఉంటే బోల్టు అడుగున చిక్కుకుని, బిగింపు అయినట్టే అబద్ధం చెబుతుంది. ఊదేసి, మరలను శుభ్రం చేయండి. బోల్టు మరలకు మాన్యువల్ చెప్పిన మర జిగురు రాయండి.

బ్లాకు ముందు, వెనుక గోడల మీద సిలికాన్ మాత్రమే. కొన్ని సెట్లలో రబ్బరు పట్టీలు కూడా ఇస్తారు, ఈ ఇంజన్‌కు వాటిని పక్కన పెట్టేయండి. ఐదు మిల్లీమీటర్ల గీత గీయాలి. రెండు చివరలా 13 మిల్లీమీటర్లు గ్యాస్కెట్ మీదికి ఎక్కించాలి. ఎక్కువ పూస్తే లోపలికి ఊడి ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది. గోడల మీద నూనె తడి ఉంటే సిలికాన్ పట్టదు, చివరిసారి ద్రావకంతో తుడిచి వెంటనే గీయండి. ఆ తరువాత మానిఫోల్డ్ ఒక్కసారే నిలువుగా దిగాలి. పక్కకు జరిగితే గీత చెదిరిపోతుంది. తల కోసేసిన రెండు పొడవాటి బోల్టులను మూలల్లో నిలబెట్టి, వాటి వెంట దించండి. ఇంకో మనిషి ఉంటే ఇంకా మంచిది.

కొండదారి (శనివారం, రాత్రి 7:40)

విప్పడం అయింది. హీటర్ కొళాయి విషయంలో నిదానం గారు చెప్పింది చెప్పినట్టే జరిగింది. గొట్టం కోసేసి మానిఫోల్డ్‌ను బల్ల మీద పెట్టాక తిప్పాను, విరిగింది. బల్ల మీద కాబట్టి గంటలో తీయగలిగాను.

గ్యాస్కెట్ ముందు ఎడమ నీటి దారి దగ్గర ప్లాస్టిక్ మెత్తబడి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. సిలికాన్ గీత అక్కడ పూర్తిగా లేదు. లోయలో మీగడ లేదు, నల్లటి నూనె మడ్డి మాత్రమే.

ఇప్పుడు సందేహం. అదే నీటి దారి చుట్టూ మానిఫోల్డ్ అల్యూమినియం తినేసి గుంటలు పడ్డాయి. అతి పెద్దది బియ్యపుగింజంత. ఉక్కు స్కేలు అడ్డం పెట్టి ఫీలర్ గేజ్‌తో చూశాను, 0.1 మిల్లీమీటరు రేకు ఎక్కడా దూరలేదు. గుంటలతోనే బిగించవచ్చా?

పాతరెంచి (శనివారం, రాత్రి 8:02)

గుంట ఎంత పెద్దదన్నదానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం. కొత్త గ్యాస్కెట్ సిలికాన్ గీత మీద సుద్దపొడి రాసి, మానిఫోల్డ్ మీద సరిగ్గా ఆనించి తీయండి. పడిన తెల్లగీతకు గుంటలు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. తరువాత ఆ పొడిని పూర్తిగా తుడిచేయండి. గుంటలు గీత దాటి బయటికి పోతే ఆ మానిఫోల్డ్ వద్దు. వెల్డింగ్ చేయించి చదును పట్టించాలి, లేదా వేరేది వెతకాలి. సిలికాన్ నింపి సర్దుకోవచ్చని ఎవరైనా అంటే వినకండి.

కొండదారి (శనివారం, రాత్రి 9:35)

పొడి పెట్టి చూశాను. తెల్లగీత చుట్టూ తెగకుండా పడింది. గుంటలన్నీ గీతకు నీటి దారి వైపే ఉన్నాయి. అన్నిటికంటే దగ్గరగా వచ్చినది రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగింది. ఫోటో తీసి కింద పెట్టాను, మీరూ చూసి చెప్పండి.

పాతరెంచి (శనివారం, రాత్రి 9:50)

చూశాను. వెనుక కుడి నీటి దారి కూడా ఇలాగే పెట్టి చూడండి, ఫోటోలో అక్కడ నీడ పడింది. అదీ బాగుంటే బిగించేయండి.

కొండదారి (శనివారం, రాత్రి 10:25)

వెనుక కుడివైపు శుభ్రంగా ఉంది, అది నీడే. హెడ్ల రెండు ముఖాలూ తుడిచాను, తెల్ల గుడ్డకు మరక అంటడం లేదు. రోటర్ మూడో గీత ఫోటో తీసి ఉంచాను. గుడ్డలు పదకొండు పెట్టాను, గోడ మీద పదకొండు అనే ఉంది, ఇప్పుడు బల్ల మీదా పదకొండే ఉన్నాయి. లోయ మీద శుభ్రమైన దుప్పటి కప్పి తలుపు వేశాను. ఉదయం ఏడు గంటలకు మా తమ్ముడు వస్తాడు, ఇద్దరం కలిసి మానిఫోల్డ్ దించుతాం.